శ్రీకాళహస్తి వ్రాతపనిలో దృశ్య సమతౌల్యం: పుత్తూరు సీమ ముగ్గుల నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

శ్రీకాళహస్తి కలంకారీని గురించిన చర్చ సాధారణంగా రెండు అంశాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి రంగుల తయారీ, రెండోది బొమ్మల్లోని కథ. కరక్కాయ, పాలు, పటిక, చిరువేరు, నీలిమందు వంటి ద్రవ్యాలను వివరించడంతో మొదటి చర్చ ముగుస్తుంది. రామాయణ, భారత, భాగవత ఘట్టాలను గుర్తించడంతో రెండోది ముగుస్తుంది. ఈ రెంటికీ నడుమ ఒక ప్రశ్న మిగిలిపోతున్నది. ఒకే బట్ట మీద పదుల కొద్దీ ఘట్టాలు, వందల కొద్దీ ఆకృతులు, వాటి సందుల్లో లతలు, పూలు, అక్షరాలు ఇరికి ఉన్నప్పటికీ చూసేవారి కన్ను ఎందుకు తడబడదు? అంత నిండుదనంలో ఆ బట్ట ఒకే చిత్రంగా ఎలా నిలబడుతున్నది?

ఇది దృశ్య సమతౌల్యానికి సంబంధించిన ప్రశ్న. పొడవు వెడల్పులు మాత్రమే ఉన్న తలం మీద ఆకృతులు, రంగులు, ఖాళీలు ఒకదాన్నొకటి తూచుకుని కుదురుగా నిలవడమే దృశ్య సమతౌల్యం. శ్రీకాళహస్తి వస్త్రాల్లోని సమతౌల్యం అద్దంలోని ప్రతిబింబం వంటిది కాదనీ, అది అసమానమైన బరువులను తూచే తక్కెడ వంటిదనీ, ఆ తక్కెడలో తెలుగు అక్షరం కూడా ఒక తూనికరాయి అనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. అక్షరాన్ని కేవలం వివరణగా భావించి పక్కన పెట్టినప్పుడు కథ ఒక్కటే కాక చిత్ర నిర్మాణం కూడా దెబ్బతింటుందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

ఈ పరిశీలనకు పుత్తూరు సీమను నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఉంది. రేణిగుంట - అరక్కోణం రైలుమార్గంలోని పుత్తూరు, దాని సమీపంలోని నగరి, నారాయణవనం చేనేతతో ముడివడిన ఊళ్లు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరిన తరువాత ఈ ప్రాంతం రాష్ట్ర సరిహద్దు సీమ అయింది. అందుచేత తెలుగు ముగ్గు, తమిళ కోలం ఇక్కడ ఒకే వీధిలో ఎదురెదురు వాకిళ్లలో కనిపిస్తాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో పుత్తూరు, శ్రీకాళహస్తి రెండూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. గుడిలో వేలాడే వస్త్రాన్ని చూసిన ఇక్కడి కన్ను అంతకుముందే ఇంటి వాకిట తూకం నేర్చుకున్న కన్ను. అందువల్ల వస్త్రం దగ్గరికి వాకిలి మీదుగా వెళ్లడం సమంజసం.

సమతౌల్యం: శాస్త్రభావన, తెలుగు మాటలు

భారతీయ శిల్పచిత్ర శాస్త్రాలు సమతౌల్యాన్ని ప్రత్యేక ప్రకరణంగా చెప్పలేదు కాని, దాన్ని కొలిచే సాధనాన్ని ఇచ్చాయి. అదే బ్రహ్మసూత్రం. నడినెత్తి నుండి కనుబొమల మధ్యగా, నాసికాగ్రం, నాభి మీదుగా పాదాల నడుమకు దిగే నిలువు గీత ఇది. 12వ శతాబ్దికి చెందిన కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుని మానసోల్లాసం బ్రహ్మసూత్రానికి ఇరువైపులా రెండు పక్షసూత్రాలను కూడా చెప్పింది. ఆకృతి చూపరికి ఎదురుగా నిలిచినప్పుడు ఈ రెండూ మధ్యగీతకు సమాన దూరంలో ఉంటాయి. శరీరం ఒక పక్కకు తిరిగే కొద్దీ ఒక పక్షసూత్రం మధ్యకు జరుగుతుంది, మరొకటి దూరమవుతుంది. ఒక వైపు తగ్గినది మరొక వైపు పెరగడమే ఇక్కడి నియమం. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలోని చిత్రసూత్రం తొమ్మిది స్థానాలను పేర్కొన్నది. వాటిలో పూర్తిగా ఎదురుగా ఉండే ఋజ్వాగతం ఒకటి. తక్కినవి ఏదో ఒక రీతిలో తిరిగిన, వంగిన, వెనుదిరిగిన భంగిమలు. అంటే రెండు పక్కలా సమానంగా ఉండడాన్ని శాస్త్రం అనేక స్థితుల్లో ఒకటిగానే గుర్తించింది.

ఆధునిక కాలంలో ఈ విషయాన్ని మనస్తత్వశాస్త్ర దృష్టితో చర్చించినవాడు రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్. 1954లో వెలువడిన ఆయన గ్రంథం కళను దృశ్యగ్రహణంతో ముడిపెట్టింది. ప్రతి ఆకృతికీ కంటికి తెలిసే ఒక బరువు ఉంటుందని ఆయన సిద్ధాంతం. పరిమాణం పెరిగితే ఆ బరువు పెరుగుతుంది. ఎరుపు నీలం కంటె బరువు. ఒంటరిగా ఉన్నది గుంపులోనిదాని కంటె బరువు. తలంలో పైభాగాన ఉన్నది కింద ఉన్నదాని కంటె బరువు. మధ్య నుండి దూరమయ్యే కొద్దీ చిన్న ఆకృతి కూడా పెద్దదాన్ని నిలువరించగలదు.

ఈ చివరి సూత్రం రాయలసీమ రైతుకు కొత్తది కాదు. బావి గట్టున ఏతం దూలం నడిమి మీద ఆనదు. పొట్టి కొసన బరువైన రాయి, పొడవు కొసన తేలికైన బాన ఉంటాయి. రెండు చేతులూ సమానం కాకపోవడం వల్లనే ఏతం పని చేస్తుంది. తక్కెడలో ఒక తట్టలో ఒకే వీసెగుండు, మరొక తట్టలో చింతపండు ముద్దలు ఉన్నప్పుడు కూడా ఇదే స్థితి. రూపం వేరు, సంఖ్య వేరు, తూకం ఒకటి.

తెలుగులో ఈ భావనకు సంబంధించిన మాటలు కొన్ని గమనించదగినవి. ‘సమం’ ఇరువైపులా ఒకే కొలతను తెలుపుతుంది. ‘తూకం’ కొలతలు వేరైనా బరువు సరిపోవడాన్ని తెలుపుతుంది. ‘పొందిక’ ఒకదానితో మరొకటి ఇమడడాన్ని సూచిస్తుంది. ‘నిండు’, ‘వెలితి’ అనే జంట ఒక చోట ఎంత ఉండాలన్న అంచనాను తెలుపుతుంది. సంస్కృత సమాసమైన ‘సమతౌల్యం’లో సమం, తూకం రెండూ కలిసిపోయాయి. కాని ఈ రెంటినీ విడివిడిగా చూడడం ఇక్కడ అవసరం. ముగ్గు ప్రధానంగా సమాన్ని, వ్రాతపని ప్రధానంగా తూకాన్ని సాధిస్తాయి.

వాకిలి: చుక్కల సమం, రథం పగ్గం

ముగ్గు విద్య చుక్కల లెక్కతో మొదలవుతుంది. ‘ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేవరకు’ అన్న సూచనను తీసుకుంటే మధ్య వరుసలో ఏడు, దానికి పైనా కిందా ఐదు, మూడు, ఒకటి చొప్పున మొత్తం 25 చుక్కలు వస్తాయి. ఆకృతి కొనదేలిన చతురస్రం అవుతుంది. ‘ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు’ అన్నప్పుడు మధ్య వరుసలో ఏడు, పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు చొప్పున మొత్తం 37 చుక్కలు వస్తాయి. ఆకృతి ఆరు మూలలది అవుతుంది. చుక్కకు ఎదురుగా చుక్క పెట్టడం నాలుగు దిక్కుల సమతను, రెండు చుక్కల సందున చుక్క పెట్టడం ఆరు దిక్కుల సమతను ఇస్తుందన్న జ్యామితి ఈ రెండు చిన్న మాటల్లో నిక్షిప్తమై ఉంది. గీత గీయక ముందే సమతౌల్యం నిర్ణయమైపోతుంది.

మెలికల ముగ్గులో గీత చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరుతుంది. ఒక్క మెలిక తప్పినా తప్పు ఎక్కడో తెలియకుండానే చూసేవారికి వెలితి తెలుస్తుంది. సమత మీద ఆధారపడిన చిత్రానికి ఉన్న బలమూ బలహీనతా ఇదే. దాన్ని గుర్తించడానికి చదువు అక్కరలేదు, కాని అది ఏ కథనూ చెప్పదు. దానికి ముందు, తరువాత అన్నవి లేవు.

ఈ నియమానికి ఒక మినహాయింపు సంక్రాంతి పండుగలో కనిపిస్తుంది. కనుమ నాడు వేసే రథం ముగ్గు నిలువు గీతకు ఇరుపక్కలా ఒకే తీరున ఉంటుంది. చక్రాలు, అంతస్తులు, శిఖరం అన్నీ జంటలే. కాని రథానికి పగ్గం ఉంటుంది. ఆ పగ్గం గీత రథం దగ్గర ఆగకుండా వీధిలోకి సాగి పక్కింటి ముగ్గును కలుస్తుంది. సమంగా కుదిరిన ఆకృతికి ఆ ఒక్క గీత దిక్కును ఇస్తుంది. రథం కదలబోతున్నదన్న భావన కలుగుతుంది. కదలిక కావాలంటే సమాన్ని ఒక చోట వదలవలసి ఉంటుందని ఈ ముగ్గు తెలుపుతున్నది. కథ చెప్పవలసిన చిత్రకారునికి ఎదురయ్యే సమస్య సరిగ్గా ఇదే.

గుడి కప్పు: లేపాక్షి వరుసలు

వాకిలి నుండి వస్త్రానికి వెళ్లేముందు గోడల మీద, కప్పుల మీద ఈ సమస్యను రాయలసీమ చిత్రకారులు ఎలా ఎదుర్కొన్నారో చూడవలసి ఉంది. లేపాక్షి వీరభద్రాలయంలోని చిత్రాలు 16వ శతాబ్దికి, విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలానికి చెందినవి. నాట్యమండపం కప్పు మీద కథలు పొడవైన పట్టీలుగా సాగుతాయి. ఆకృతులు ఒకదాని పక్కన ఒకటి నిలిచి ఉంటాయి. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. అందువల్ల ప్రతి ఆకృతి చూపు కంటిని తరువాతి ఆకృతి వైపు నడిపిస్తుంది. అవి ధరించిన వస్త్రాల మీది అద్దకపు నమూనాలు పట్టీ పొడవునా పునరావృతమై లయను ఏర్పరుస్తాయి.

అదే ఆలయంలోని అర్ధమండపం కప్పు మీద మరొక పద్ధతి కనిపిస్తుంది. అక్కడ వీరభద్రుని బృహదాకృతి ఉంది. దాని చెంత ఆలయ నిర్మాణానికి కారకులైన విరూపణ్ణ, వీరణ్ణ చిన్న ఆకృతులుగా కనిపిస్తారు. ఇక్కడ పరిమాణం దూరాన్ని తెలపదు, స్థాయిని తెలుపుతుంది. దేవుడు పెద్ద, భక్తుడు చిన్న. ఈ రెండు పద్ధతులు, అంటే కదిలే పట్టీ, నిలిచిన పెద్ద ఆకృతి, ఒకే ఆలయంలో వేరు వేరు కప్పుల మీద ఉన్నాయి. శ్రీకాళహస్తి వస్త్రం ఈ రెంటినీ ఒకే తలం మీదికి తెచ్చింది. లేపాక్షి చిత్రకారులకూ కాళహస్తి వస్త్రకారులకూ గురుశిష్య సంబంధాన్ని కల్పించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒకే సీమలో ఒకే నిర్మాణ సమస్యకు వచ్చిన రెండు పరిష్కారాలను పక్కపక్కన చూడడమే ఉద్దేశం.

వస్త్రం: ఒక పెద్దది, పలు చిన్నవి

శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనిని వ్రాతపని అంటారు. కర్ర అచ్చులతో చేసే అద్దకం నుండి దీన్ని వేరు చేసే మాట ఇది. గీయడాన్ని ‘వ్రాయడం’ అనడం తెలుగులో ప్రాచీనమైన వాడుక. చిత్రమూ అక్షరమూ ఒకే క్రియకు చెందినవన్న సూచన ఆ పేరులోనే ఉంది.

గుళ్లలో తెరలుగా, గోడలకు వేలాడదీసే పటాలుగా రూపొందిన ఈ వస్త్రాల నిర్మాణంలో ఒక స్థిరమైన పద్ధతి కనిపిస్తుంది. మధ్యన పెద్ద దీర్ఘచతురస్రంలో ప్రధాన దేవతా దృశ్యం ఉంటుంది. రామాయణ వస్త్రమైతే అది తరచుగా పట్టాభిషేకం. దాని చుట్టూ, లేదా పైనా కిందా, అడ్డువరుసలుగా చిన్న గదులు ఉంటాయి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఘట్టం. వరుసల నడుమ సన్నని పట్టీల్లో తెలుగు అక్షరాలు. అన్నింటి చుట్టూ పూలతీగల అంచు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు కాళహస్తి వస్త్రాలు ఈ సంప్రదాయానికి ప్రసిద్ధమైన సాక్ష్యాలు.

ఈ నిర్మాణంలో మొదటి తూకం మధ్య చిత్రానికీ చుట్టూ ఉన్న గదులకూ నడుమ ఉంది. మధ్య ఆకృతి పెద్దది, ఎదురుగా ఉన్నది, కదలనిది. దాని శరీరం మీద ఒకే రంగు విశాలంగా పరచుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న ఆకృతులు చిన్నవి, పక్కకు తిరిగినవి, పరుగెత్తేవి, విల్లెక్కుపెట్టేవి. ఒక్కొక్కటిగా చూస్తే అవి మధ్య ఆకృతికి సాటిరావు. సంఖ్యలో, సాంద్రతలో, అంచుకు దగ్గరగా ఉండడంలో వాటి బరువు ఉంది. వీసెగుండుకు ఎదురు చింతపండు ముద్దల వంటి అమరిక ఇది. కన్ను మధ్యన విశ్రమిస్తుంది, అంచుల్లో ప్రయాణిస్తుంది. కథ ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, కథకు ఫలమైన పట్టాభిషేకం ఎప్పుడూ నిలిచి ఉంటుంది. అంతిమ ఘట్టాన్ని చివరి గదిలో కాక నట్టనడుమ ఉంచడం వల్ల చూపరి ఏ ఘట్టాన్ని చూస్తున్నా ఫలం కంటికి అందుతూనే ఉంటుంది.

మధ్య చిత్రం లోపల రెండో తూకం ఉంది. రామునికి ఎడమ పక్కన సీత కూర్చోవడం సంప్రదాయం. అంటే చూపరికి కుడివైపున బరువు పెరుగుతుంది. సంప్రదాయం ఈ స్థానాన్ని మార్చనివ్వదు. చిత్రకారుడు తక్కిన పాత్రలతో దాన్ని సరిచేయాలి. నిలబడిన తమ్ములను ఇరుపక్కలా ఎంతమందిగా పంచాలి, గొడుగు కర్ర ఎటు వాలాలి, వింజామర ఏ చేతిలో ఉండాలి, పాదాల చెంత ఆంజనేయుడు ఎటువైపు మోకరిల్లాలి అన్నవి అలంకార విషయాలు కావు. అవి తూకం రాళ్లు. ఆంజనేయుని ఆకృతి చిన్నదే అయినా కింది మూలకు, మధ్యగీతకు దూరంగా ఉన్నప్పుడు ఏతపు దూలం కొసన ఉన్నట్లు తన పరిమాణాన్ని మించిన పని చేస్తుంది.

మూడో తూకం రంగులది. ఈ వస్త్రాల్లో ఖాళీ అన్నది దాదాపు ఉండదు. ఆకృతుల నడుమ సందులను పూలు, మొగ్గలు నింపుతాయి. పాశ్చాత్య చిత్ర చర్చలో ఖాళీ స్థలం ఎదురుతూకంగా పనిచేస్తుందన్న సూత్రం ప్రముఖమైనది. చైనా, జపాను సిరా చిత్రాల్లో ఆ సూత్రం శిఖరాన్ని చేరింది. కాళహస్తి వస్త్రానికి అది వర్తించదు. ఇక్కడ వెలితి చేయవలసిన పనిని నేల రంగు చేస్తుంది. ఒకే ఎరుపు అన్ని గదుల వెనుకా పరచుకున్నప్పుడు అది గదులను కలిపే ఒకే కాన్వాసుగా మారుతుంది. నీలం, పసుపు, ఆకుపచ్చ దాని మీద చోటుచోట్ల పలుకుతాయి. నీలివన్నె దేవుడు ఎన్ని గదుల్లో కనిపిస్తే అన్ని చోట్ల ఆ నీలం పునరావృతమై కంటికి మెట్లు వేస్తుంది. పాత్రను గుర్తించడానికి నియతమైన రంగే తలం మీద లయను కూడా నిర్ణయిస్తున్నది.

ప్రక్రియ: కనిపించని ఎరుపును తూచడం

ఈ తూకాలను చిత్రకారుడు ఎప్పుడు నిర్ణయించుకుంటాడన్న ప్రశ్నకు సమాధానం ప్రక్రియలో ఉంది. గాడా బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టాక కాల్చిన చింతపుల్లతో రేఖాచిత్రం గీస్తారు. ఇది చెరపగలిగిన గీత. దాని మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రవంతో కలం గీత పడుతుంది. కరక్కాయలోని వగరు పదార్థంతో ఇనుము కలిసి నల్లబడుతుంది. ఆ తరువాత ఆ గీతను మార్చడం కుదరదు.

ఎరుపు విషయం ఇంకా సూక్ష్మమైనది. ఎరుపు రావలసిన చోట్ల మొదట పూసేది పటిక నీరు. పూసినప్పుడు ఎరుపు కనిపించదు. ఎరుపునిచ్చే వేళ్లు, చెక్కలు వేసిన నీటిలో బట్టను మరిగించినప్పుడు పటిక ఉన్న చోటనే రంగు పట్టి నిలుస్తుంది. తరువాత పారే నీటిలో ఉతికి, ఎండలో పరచి తెల్లదనం తెస్తారు. స్వర్ణముఖి ప్రవాహం ఈ వృత్తికి ఆధారం కావడానికి కారణం ఇదే. నీలం, పసుపు ఆ పైని దశల్లో వస్తాయి. పసుపు, నీలం కలిసిన చోట ఆకుపచ్చ అవుతుంది.

తైలవర్ణ చిత్రకారుడు ఒక చోట ఎరుపు వేసి, వెనక్కి జరిగి చూసి, బరువు ఎక్కువైతే మరొక చోట సరిచేయగలడు. వ్రాతపనివానికి ఆ వీలు లేదు. బట్టలో అధికభాగాన్ని ఆక్రమించే, అన్నింటికంటె బరువైన రంగును అతడు కంటికి కనిపించని దశలో పంచిపెడుతున్నాడు. తూకం చేతికంటె ముందు మనసులో ఉండాలి. అందువల్లనే ఈ వృత్తిలో మధ్యచిత్రం, గదుల వరుసలు, అంచు అనే చట్రం తరం నుండి తరానికి స్థిరంగా అందుతూ వచ్చింది. చట్రం స్థిరంగా ఉండడాన్ని కల్పనాలేమిగా చూడడం సరికాదు. ముగ్గులో చుక్కలు చేసే పనిని ఇక్కడ చట్రం చేస్తున్నది. చట్రంలో ఎంత మార్చవచ్చునన్నది ఒక్కొక్క చిత్రకారుని నేర్పు.

అక్షరం: చదవవలసినది, చూడవలసినది

వరుసల నడుమ ఉండే తెలుగు అక్షర పట్టీలను సాధారణంగా కథావివరణలుగా పరిగణిస్తారు. అవి కథను చెబుతాయన్నది నిజమే. వేలాడదీసిన వస్త్రం ముందు నిలిచి కథ చెప్పేవారికి అవి ఆధారం. కాని వాటికి మరో రెండు పనులు ఉన్నాయి.

మొదటిది నేలగా ఉండడం. ఈ చిత్రాల్లో దూరదృశ్య పద్ధతి లేదు. పాత్రలు నిలవడానికి వెనక్కి సాగే నేల ఉండదు. వరుస కింద సాగే అక్షర పట్టీయే పై వరుసలోని పాత్రలకు పాదపీఠం, కింది వరుసకు కప్పు. తెలుగు లిపి గుండ్రని లిపి. అక్షరాలు ఇంచుమించు ఒకే ఎత్తున, ఒకే వంపుతో, తలకట్లతో వరుసగా సాగుతాయి. కొంత దూరం నుండి చూసినప్పుడు అక్షరాలు విడివిడిగా కనిపించక, నలుపూ తెలుపూ సమంగా కలిసిన ఒక సన్నని పట్టీ మాత్రమే తెలుస్తుంది. ఎరుపు, నీలం పొడలతో కిక్కిరిసిన గదుల నడుమ ఆ పట్టీ కంటికి కొంత ఊపిరి ఇస్తుంది. ఖాళీ లేని వస్త్రంలో ఖాళీకి దగ్గరగా వచ్చేది అక్షర పట్టీ ఒక్కటే.

రెండోది దిక్కును ఇవ్వడం. మధ్యచిత్రం సమానికి దగ్గరగా ఉన్నది. అంచు కూడా నాలుగు వైపులా ఒకే తీరు. వీటిని మాత్రమే చూస్తే కంటికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తెలుగు ఎడమ నుండి కుడికి సాగే లిపి. అక్షర పట్టీ ఉన్నందువల్ల గదుల వరుస కూడా ఎడమ నుండి కుడికి, పై నుండి కిందికి చదవవలసిన పేజీ అవుతుంది. రథం ముగ్గుకు పగ్గం ఏమి చేస్తున్నదో వస్త్రానికి అక్షరం అది చేస్తున్నది. కుదిరి నిలిచిన ఆకృతికి కదలికను ఇస్తున్నది.

అసమానమైన తూకం తెలుగు శ్రోతకు పరిచితమని చెప్పడానికి పద్యనిర్మాణం ఒక పోలికను అందిస్తుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు ఉండగా యతిస్థానం 10వ అక్షరం. చంపకమాలలో 21 అక్షరాలకు 11వది. ఈ రెంటిలో విరుపు ఇంచుమించు నడుమ పడుతుంది. శార్దూలంలో 19 అక్షరాలకు 13వ అక్షరం, మత్తేభంలో 20 అక్షరాలకు 14వ అక్షరం యతిస్థానాలు. ఇక్కడ విరుపు నడిమి దాటి ఉంది. ముందరి భాగం పొడవు, వెనుకటి భాగం పొట్టి. అయినప్పటికీ పాదం ఒరిగినట్లు చెవికి తోచదు. పొట్టి భాగం మొదట మైత్రి కుదిరిన అక్షరం నిలిచి పొడవు భాగపు తొలి అక్షరాన్ని పిలుస్తుంది. దూరాన ఉన్న చిన్నది దగ్గరి పెద్దదాన్ని నిలబెట్టడమన్న సూత్రమే ఇక్కడ శబ్దంలో వినిపిస్తున్నది. వ్రాతపనివారు ఛందస్సును చూసి వస్త్రాన్ని నిర్మించారని దీని అర్థం కాదు. హరికథలో, పురాణపఠనంలో, బొమ్మలాటలో పద్యం వింటూ పెరిగిన సమాజానికి నడిమిని దాటిన తూకం వింత కాదని మాత్రమే ఈ పోలిక తెలుపుతుంది.

1950ల తరువాత: వస్త్రం విడిపోవడం

20వ శతాబ్ది ప్రథమార్ధానికి గుళ్ల నుండి వచ్చే ఆదరణ సన్నగిల్లి వ్రాతపని క్షీణించింది. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో, అఖిల భారత హస్తకళల బోర్డు ఆధ్వర్యంలో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడి నుండి వచ్చిన తరాలు ఈ కళను నిలబెట్టాయి. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో లభించిన పద్మశ్రీ ఈ పునరుజ్జీవనానికి దక్కిన గుర్తింపుల్లో ఒకటి. అంతకు ముందే శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కృషి లేకుంటే నేడు చర్చించడానికి వస్త్రమే ఉండేది కాదు.

అయితే కొనుగోలుదారు మారినప్పుడు తలం కూడా మారింది. గుడి తెర స్థానంలో గోడకు తగిలించే చిన్న పటం, చీర, దుప్పట్టా, దిండు గలీబు వచ్చాయి. చిన్న పటంలో మధ్య దేవతాకృతి మాత్రమే మిగిలి, గదుల వరుసలు పోయాయి. తెలుగు చదవని కొనుగోలుదారుకు అక్షర పట్టీ అవసరం లేదనిపించి అదీ పోయింది. ఫలితంగా మిగిలిన చిత్రం సమానికి మళ్లింది. ఇరుపక్కలా జంట నెమళ్లు ఉన్న కల్పవృక్షం దీనికి ఉదాహరణ. చిత్రంగా అది సుందరమే. కాని నిలకడకూ కదలికకూ నడుమ ఉన్న తూకం అందులో లేదు. వీసెగుండు ఒక తట్టలో ఉండగా రెండో తట్టను తీసివేసిన స్థితి ఇది. కథలో ముందు, తరువాత అన్నవి పోయి దేవుడు మాత్రమే మిగిలాడు.

మార్పును పూర్తిగా నష్టంగా చెప్పడం కూడా న్యాయం కాదు. చీర విషయంలో జరిగినది ఇందుకు భిన్నం. చీర తలమే అసమానమైనది. ఒక కొసన చిక్కని బొమ్మల కొంగు, తక్కిన పొడవంతా పలుచని పూలమొక్కలు. పొట్టి కొసన బరువు, పొడవు కొసన తేలిక అన్న ఏతపు అమరిక ఇక్కడ సహజంగా తిరిగి వచ్చింది. కట్టుకున్నప్పుడు కొంగు భుజం మీదికి చేరి, కుచ్చిళ్లలో పూలు మడతపడి, తూకం మళ్లీ మారుతుంది. పెద్ద కథావస్త్రాలను అక్షరాలతో సహా వ్రాసే చిత్రకారులు నేటికీ ఉన్నారు. అందువల్ల సంప్రదాయం అంతరించిందనడం కంటె అది రెండుగా విడిపోయిందనడం సమంజసం. ఒక పాయ అక్షరంతో ఉన్నది, మరొక పాయ అక్షరం లేకుండా కొత్త తూకాన్ని వెతుక్కుంటున్నది.

నష్టం ఎక్కువగా జరుగుతున్నది చూసే పద్ధతిలో. పాత వస్త్రాన్ని పుస్తకంలో ముద్రించేటప్పుడు మధ్య చిత్రాన్ని మాత్రమే కత్తిరించి చూపడం, అక్షర పట్టీలను చిత్రం నుండి విడదీసి కథాసారాంశంగా మాత్రమే ఇవ్వడం ఇందుకు ఉదాహరణలు. చిత్రకళా విద్యార్థి అక్షరాన్ని సాహిత్యానికి వదిలివేస్తాడు. సాహిత్య విద్యార్థి బొమ్మను చిత్రకళకు వదిలివేస్తాడు. వ్రాతపని అన్న పేరులో ఒకటిగా ఉన్నది శాస్త్ర విభజనలో రెండైంది.

ఉపసంహారం

పుత్తూరు వాకిట చుక్కల ముగ్గు సమాన్ని, రథం ముగ్గు పగ్గం ఆ సమాన్ని దాటే అవసరాన్ని తెలుపుతాయి. లేపాక్షి కప్పుల మీద నిలిచిన పెద్ద ఆకృతి, కదిలే పట్టీ వేరు వేరుగా ఉన్నాయి. శ్రీకాళహస్తి వస్త్రం వాటిని ఒకే తలం మీద తూచింది. ఆ తూకంలో పరిమాణానికి ఎదురు సంఖ్య, నిలకడకు ఎదురు కదలిక, రంగుకు ఎదురు అక్షరం నిలిచాయి. ఎరుపు కనిపించక ముందే దాన్ని పంచవలసిన ప్రక్రియ ఈ తూకాన్ని ముందుచూపుగా మార్చింది.

ఈ పరిశీలన నుండి ఒక ఆచరణయోగ్యమైన సూచన వెలువడుతున్నది. వ్రాతపని వస్త్రాలను నమోదు చేసేటప్పుడు అక్షర పట్టీల పాఠాన్ని ఎత్తి రాసుకోవడంతో పని పూర్తి కాదు. పట్టీ ఏ వరుసకు పైన ఉన్నది, ఏ వరుసకు కింద ఉన్నది, ఎంత వెడల్పు ఉన్నది, గది చివరికి వచ్చేసరికి అక్షరాలు ఇరుకయ్యాయా, వాక్యం పక్క గదిలోకి సాగిందా అన్న వివరాలను కూడా పాఠంతో పాటు నమోదు చేయాలి. అక్షరం ఇరుకైన చోట చిత్రకారుడు ముందుగా బొమ్మకు చోటు ఇచ్చాడని, అక్షరం తీరికగా సాగిన చోట పట్టీకి ముందే చోటు కేటాయించాడని ఊహించే వీలు కలుగుతుంది. చిత్రకారుడు ఏది ముందు తూచాడో ఆ వివరాలే చెప్పగలవు.

ఇటువంటి నమోదు తెలుగు సాహిత్య విద్యార్థి చేయవలసిన పని. పాఠపరిష్కరణలో తాళపత్రం కమ్మను, పంక్తిని, అక్షరలోపాన్ని లెక్కించే శిక్షణ ఆ విద్యార్థికి ఇదివరకే ఉంది. వస్త్రం కూడా ఒక వ్రాతప్రతే. దాని పంక్తుల నడుమ బొమ్మలు నిలబడి ఉన్నాయి.